చెంగలి పన్నెండు అడుగులు

ఉప్పువంకకు ఇవతల బోదగడ్డి మిట్ట, అవతల జొన్నచేలు. వానాకాలంలో నాలుగు వారాలు ఆ వంకలో నీళ్లు పారతాయి. మిగతా ఏడాదంతా మోకాలి లోతు ఇసుకే. ఏటా ఎండలు ముదరకముందు మిట్ట మీది జంతువులన్నీ ఆ ఇసుకలో దూకుడు పందెం పెట్టుకునేవి. కుందేళ్లు, మేకపోతులు, జింకలు, కాళ్ల మీద నమ్మకం ఉన్నవాళ్లెవరైనా దూకొచ్చు. తలా మూడు దూకుళ్లు. ఆ ఒక్కరోజు ఎవరూ ఎవరినీ తరమకూడదు, కొరకకూడదు.

కొలిచేది మైలన్న. మైలన్న ముసలి ఎద్దు. పద్నాలుగేళ్లు గొర్రు లాగి విత్తనాలు వేయించినవాడు. గొర్రు లాగే ఎద్దు అడుగు తడబడితే సాలు వంకరపోతుంది కాబట్టి, అతని అడుగు ఎప్పుడు వేసినా ఒకటే పొడవు. రైతు విడిచిపెట్టాక మిట్ట మీద మేస్తూ కాలం గడుపుతున్నాడు. దూకే గీత దగ్గర నుంచి ఇసుకలో పడిన గుర్తు దాకా అతను నడిచి ఎన్ని అడుగులంటే అన్ని. దాని మీద మళ్లీ మాట ఉండేది కాదు.

ఇసుక చదును చేసేది నక్క పుల్లన్న. ఆ పనికి అతన్ని ఎవరూ పిలవలేదు. ఒక ఏడు తనంతట తానే వచ్చి, "నా తోక ఉండగా మీకు చీపురెందుకు?" అని మొదలుపెట్టాడు. కుచ్చు తోక, పని కూడా శుభ్రంగానే చేశాడు. అప్పటి నుంచి ప్రతి దూకుడు తర్వాతా ఇసుక సర్దడం అతని వంతయింది.

కొమ్మన్న అనే మగజింక ఎప్పుడో పదకొండు అడుగులు దూకాడు. కొమ్మన్న చచ్చిపోయి ఏళ్లు గడిచినా ఆ పదకొండును ఎవరూ దాటలేదు.

చెంగలి ఈ లెక్కలేవీ తెలియని ఆడజింక. ఏడాది వయసులో గొర్రెల కుక్క తరిమితే ప్రాణభయంతో జొన్నచేను కంప మీద నుంచి దూకేసింది. గట్టు మీద మేస్తున్న మైలన్న అది చూశాడు.

"ఏమ్మీ, ఆ కంప దాటింది నువ్వేనా?"

"కుక్క తరిమింది మామా."

"కుక్క లేకుండా దూకగలవా?"

"కుక్క లేకపోతే ఎందుకు దూకాలి?"

"అదీ నిజమే," అని మైలన్న కాసేపు నెమరేశాడు. "ఊరికే, నువ్వు ఎంత దూకగలవో నీకు తెలుస్తుంది కదా. అందుకు."

చెంగలికి ఆ మాట పట్టుకుంది. తాను ఎంత దూకగలదో నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆ ఏడు పందేనికి వెళ్లింది. మూడుసార్లు పరుగెత్తింది, మూడుసార్లూ గీత తొక్కింది. ఒక్కటీ లెక్కలోకి రాలేదు. కుందేళ్లు పడీ పడీ నవ్వాయి.

"గీత వంక చూస్తూ పరుగెత్తావు," అన్నాడు మైలన్న. "చూడకు. నీ గంతులు లెక్కపెట్టుకో. ఎన్ని గంతులకు గీత వస్తుందో కాళ్లకే తెలియాలి."

చెంగలి ఏడాదంతా లెక్కపెట్టుకుంది. ఎండిన ఈతమొద్దు దగ్గర మొదలుపెడితే సరిగ్గా పదిహేడు గంతులు. పదిహేడోది గీతకు బెత్తెడు ఇవతల పడాలి. అలవాటయ్యేదాకా పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి పరుగెత్తేది. రెండో ఏడు తొమ్మిదిన్నర అడుగులు దూకి నాలుగో స్థానం తెచ్చుకుంది. మూడో ఏడు పది. నాలుగో ఏడు పదింబావు దూకి అందరికంటే ముందు నిలిచింది. మిట్ట మీద అప్పటికే ఒకటే మాట: కొమ్మన్న పదకొండు ఇక ఎన్నాళ్లో నిలవదని.

ఐదో ఏడు పందెం రోజున పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. వీపు వెనక నుంచి తోసే గాలి. చెంగలి మొదటి రెండు దూకుళ్లూ పది దాటలేదు. మూడోసారి మొద్దు దగ్గర నిలబడినప్పుడు ఒళ్లు దూదిలా తేలిగ్గా అనిపించింది. పదిహేడు గంతులూ లెక్క తప్పకుండా పడ్డాయి. గీత వదిలాక ఇంకా గాలిలోనే ఉన్నానేమిటని తనకే ఆశ్చర్యం వేసింది.

గిట్టలు ఇసుకలో దిగాయి. చాలా దూరంలో దిగాయి. కానీ ఆ ఊపుకు వెనకకాళ్లు ముందుకు జారి, పిర్రలు వెనక్కి ఇసుకలో కూలబడ్డాయి. క్షణంలో లేచి నిలబడింది. అయినా తగలడం తగిలింది. ఒంట్లో ఏ భాగం గీతకు దగ్గరగా ఇసుకను తాకితే కొలత అక్కడికే. అది పందెంలో మొదటి నియమం.

అప్పుడే పెద్ద గాలి వచ్చి దుమ్ము లేచింది. వంక గట్టు మీద పందెం చూస్తున్నవాళ్లంతా కళ్లు మూసుకున్నారు. మైలన్న గీత దగ్గర వంగి, గిట్ట గీత తొక్కిందా లేదా అని చూసుకుంటున్నాడు. ఇసుక దగ్గర ఉన్నది పుల్లన్న ఒక్కడే. అతను చెంగలి కళ్లలోకి ఒకసారి చూశాడు. తోక అటోసారి ఇటోసారి ఆడించాడు. కూలబడిన గుర్తు మాసిపోయింది. గిట్టల గుర్తులు మాత్రం మిగిలాయి.

మైలన్న నడిచాడు. గట్టు మీద అందరూ అతని అడుగులు గొంతెత్తి లెక్కపెట్టారు. "తొమ్మిది... పది... పదకొండు..." తర్వాత కేకల్లో లెక్క వినబడలేదు.

"పన్నెండు," అన్నాడు మైలన్న. "నా కాళ్లతో పన్నెండు కొలుస్తాననుకోలేదు అమ్మీ."

చెంగలి నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. ఇంతలో జింకల మంద వచ్చి మీద పడింది. అక్క మెడ నాకింది, కుందేళ్లు చుట్టూ గంతులేశాయి. కాసేపాగి చెబుదామనుకుంది. ఆ కాసేపు సాయంత్రమైంది, సాయంత్రం మర్నాడైంది. మర్నాటికి కొండకు అవతలి జింకలు కూడా తనను చూడటానికి వచ్చి కూర్చున్నాయి. ఇక చెప్పడం కుదరలేదు.

నీటిగుంట దగ్గర మంద పక్కకు జరిగి చెంగలిని ముందు తాగమనేది. పిల్లలకు ఏ జింకను చూపించినా "పన్నెండు చెంగలా?" అని అడిగేవాళ్లు. చెంగలికి మొదట్లో అది బాగానే ఉండేది. అబద్ధమెందుకు, చాలా బాగుండేది.

పది రోజులకు పుల్లన్న వచ్చాడు.

"కులాసానా అమ్మీ? పన్నెండు ఎలా ఉంది, ఒంటికి పడిందా?"

"ఏం కావాలి మామా?"

"అయ్యో, నాకేం కావాలి! నువ్వు పైకి రావాలనే కదా నా తాపత్రయం. ఆరోజు ఇసుకలో పదిన్నర దగ్గర ఏదో గుంట పడినట్టు కనబడింది. పోనీలే, పిల్ల సంతోషంగా ఉంటుందని తుడిచేశాను." గొంతు తగ్గించి అన్నాడు, "తీతువమ్మ ఈ ఏడు గుడ్లు ఎక్కడ పెట్టిందో నీకు తెలిసే ఉంటుంది. మీరు అక్కడక్కడే మేస్తారు కదా."

తీతువు నేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. రాళ్లకూ గుడ్లకూ తేడా తెలియదు. నక్క ఎంత వెతికినా దొరకవు. జింకలకు మాత్రం తెలుస్తుంది, కాలు పడబోతే తీతువు అరుస్తుంది కాబట్టి.

"నాకు తెలియదు," అంది చెంగలి.

"పోనీలే. మైలన్న దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి చాలా రోజులైంది. అటు వెళ్తాను."

చెంగలి చెప్పేసింది. ఎర్రదిబ్బకు ఇవతల, పల్లేరు తీగల పక్కన అని.

రెండు రోజులు తీతువమ్మ మిట్ట అంతా తిరుగుతూ ఏడ్చింది. "నాలుగు గుడ్లు! నాలుగూ పోయాయి! నీకు ఎవరైనా కనబడ్డారా చెంగలీ?" అని అడిగింది కూడా. "లేదు పిన్నీ," అంది చెంగలి. ఆరోజు గడ్డి నోట్లోకి పోలేదు.

మరుసటి ఏడు పందెంలో చెంగలి ఒళ్లు దాచుకోకుండా దూకింది. పదడుగులు నిండి ముప్పావు. గాలి సాయం లేదు, కూలబడటం లేదు, గీతకు బెత్తెడు ఇవతల కాలు. తన బతుకులో అంత శుభ్రంగా దూకింది లేదని చెంగలికి తెలుసు. గట్టు మీద ఒక్కరూ కేక వేయలేదు. "పాపం, పన్నెండు దూకిన జింక. ఈమధ్య ఒంట్లో బాగోలేదేమో," అని ఒక ముసలి కుందేలు జాలిపడింది. మొదటి స్థానం చెంగలిదే. అయినా అందరూ ఓడినదాన్ని ఓదార్చినట్టే ఓదార్చారు. ఆ కుందేలు మీద కంటే తన మీదే చెంగలికి ఎక్కువ కోపం వచ్చింది.

పుల్లన్న రావడం మానలేదు. ఒకసారి పిట్టగూళ్లు అడిగాడు, ఒకసారి కుందేలు బొరియకు రెండో దారి ఎటో అడిగాడు. చెంగలి కొన్నిసార్లు తప్పించుకుంది, కొన్నిసార్లు చెప్పింది.

చెంగలి పన్నెండు దూకిన మూడేళ్లకు, పందేనికి రెండు రోజుల ముందు పొద్దున్నే వచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"మీ మందలో ఆరు పిల్లలు పుట్టాయట. తల్లులు ఎక్కడెక్కడో గడ్డిలో పడుకోబెట్టి మేతకు వెళ్తున్నారు. ఎక్కడో నీకు తెలియకుండా ఉండదు. పెద్దదానివి కదా."

చెంగలి మేత మాని తల ఎత్తింది. "అవి ఇంకా నిలబడటం కూడా నేర్చుకోలేదు మామా."

"అందుకే అడుగుతున్నా. ఎల్లుండి పందెం అయ్యాక చెప్పు. ఒక్కటి చాలు. ఆరూ నాకెందుకు?"

అతను వెళ్లాక చెంగలి గడ్డిలోకి నడిచింది. ఎక్కడికి వెళ్తున్నదో ఆలోచించలేదు. అక్క బిడ్డ పడుకున్న చోటికి వెళ్లింది. అడుగుల చప్పుడు విని ఆ పిల్ల చెవులు వెనక్కి వాల్చి, నేలకు అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టింది. వచ్చింది చెంగలి అని చూసి తల ఎత్తింది. చెవులు లేచాయి. భయమంతా పోయి, మళ్లీ కళ్లు మూసుకుంది.

చెంగలి అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించింది. తానే వెళ్లి మైలన్నకు చెప్పేయొచ్చు. చెబితే తన పన్నెండు పోతుంది, పోనీ. కానీ పుల్లన్న 'నాకేం తెలుసు, దుమ్ములో నాకూ కనబడలేదు' అంటాడు. ఇసుక దగ్గరే ఉంటాడు. రేపు ఇంకో పిల్లజింకను ఇలాగే పట్టుకుంటాడు. అతని తప్పు అతని నోటితోనే రావాలి. రప్పించాలంటే అతని పౌరుషం మీద కొట్టాలి.

మర్నాడు చెంగలే పుల్లన్నను వెతుక్కుంటూ వెళ్లింది.

"చెప్పను మామా. పిల్లల సంగతి చెప్పను. ఇక ఏదీ చెప్పను."

పుల్లన్న నవ్వాడు. "అయితే నేను చెప్తా. రేపే, అందరి ముందూ."

"చెప్పు. ఎవరు నమ్ముతారు? నేను పన్నెండు దూకినదాన్ని. నువ్వు ఇసుక ఊడ్చేవాడివి. నన్ను చూసి ఓర్వలేక అంటున్నావనుకుంటారు."

నక్క నవ్వు ఆగింది. "ఊడ్చేవాడినా?"

"మరి? నీ మాటకు మిట్ట మీద విలువ ఎక్కడుంది? ఏదో చూశానంటావు. రుజువేదని అడిగితే నీళ్లు నములుతావు. కుందేళ్లు కూడా నవ్వుతాయి."

ఆ మాట అని వెనక్కి తిరిగి నడిచింది. మళ్లీ తల తిప్పలేదు.

పందెం రోజు గట్టు నిండా జంతువులే. చెంగలి వంతు వచ్చి మొద్దు దగ్గర నిలబడేసరికి, పుల్లన్న ఇసుక పక్కనున్న బండ ఎక్కాడు.

"ఆగండి! దూకేముందు ఒక మాట. ఈ చెంగలి పన్నెండు దూకిందని మూడేళ్లుగా నెత్తిన పెట్టుకున్నారు. దూకలేదు. ఆరోజు వెనక్కి కూలబడింది. నిజమైన కొలత పదిన్నర!"

గట్టు మీద గగ్గోలు పుట్టింది. "అబద్ధం!" "దిగరా కిందికి!" "ఓర్వలేక అంటున్నాడు!" ఒక కుర్రకుందేలు ముందుకు వచ్చి గట్టిగా అడిగింది: "కూలబడితే గుంట ఉండాలి కదా? మేమందరం చూశాం. గిట్టల గుర్తులు తప్ప ఇసుక చదునుగా ఉంది. నీ గుంట ఏమైంది?"

నాలుగు కుందేళ్లు నవ్వాయి. పుల్లన్నకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎలా ఉంటుందిరా గుంట? మైలన్న రాకముందే ఈ తోకతో నేనే తుడిచేశాను కదా!"

తాను అన్నదేమిటో పుల్లన్నకు అర్థమయ్యేలోపే మైలన్న మెల్లగా బండ దగ్గరికి నడిచి వచ్చాడు.

"నువ్వే తుడిచావా?"

"అంటే... పిల్ల కదా అని..." నక్క చెంగలి వంక చూశాడు. కాదని అరుస్తుందని, ఏడుస్తుందని, ఆ గోలలో తన మాట కొట్టుకుపోతుందని ఆశపడ్డాడు.

చెంగలి మొద్దు దగ్గర నుంచి ఇసుక దాకా నడిచి వచ్చింది.

"నిజమే మామా," అంది మైలన్నతో. "నేను కూలబడ్డాను. నాకు ఆ క్షణమే తెలుసు. పుల్లన్న తుడవడం చూశాను, నోరు మూసుకున్నాను. అది బయటపెడతానని బెదిరిస్తే తీతువమ్మ గుడ్లు ఎక్కడున్నాయో చెప్పాను. కుందేళ్ల దొడ్డిదారి చెప్పాను. ఇప్పుడు మా మంద పిల్లలను అడిగాడు. అది నావల్ల కాలేదు."

తీతువమ్మ గాలిలోకి లేచి ఒక్క అరుపు అరిచింది. తర్వాత వచ్చి చెంగలి ఎదురుగా వాలింది. "నన్ను పిన్నీ అన్నావు," అంది. చెంగలి తల దించుకుంది.

పుల్లన్న బండ దిగి పక్కకు జారబోయాడు. మేకపోతులు కొమ్ములు వంచి అడ్డం నిలిచాయి.

"మూడేళ్ల కిందట నేను గీత చూశాను, ఇసుక చూడలేదు. అది నా తప్పు," అన్నాడు మైలన్న. "రెండూ చూడటానికి ఇంకొకరు ఉండాలి. చెంగలీ, నీ పన్నెండు కొట్టేస్తున్నాను. ఈ ఏడు, వచ్చే ఏడు నువ్వు దూకడానికి లేదు. పుల్లన్నా, నువ్వు ఈరోజు పందెం అయ్యేదాకా ఇక్కడ ఉండొచ్చు, ఈరోజు ఎవరూ నిన్ను తాకరు. రేపు పొద్దున మిట్ట మీద కనబడకు."

"ఇక్కడ కాకపోతే బతకలేనా?" అని పుల్లన్న విసురుగా అన్నాడు.

రెండేళ్లు చెంగలి నీటిగుంట దగ్గర అందరికంటే చివర తాగింది. ఎవరూ పొమ్మనలేదు, తనే ఆగేది. తీతువులు గుడ్లు పెట్టే కాలంలో ఎర్రదిబ్బ దగ్గర నిలబడి, మేతకొచ్చే పశువులు తొక్కకుండా పక్కకు మళ్లించేది. తీతువమ్మ మొదటి ఏడు మాట్లాడలేదు. రెండో ఏడు పిల్లలు బయటికొచ్చాక, "ఇదిగో ఇది చిన్నది, దీన్ని చూస్తుండు, నేను మేతకు వెళ్లొస్తా," అంది. చెంగలి ఆ పూటంతా అక్కడి నుంచి కదల్లేదు.

మూడో ఏడు మళ్లీ దూకింది. అప్పటికి వయసు కొంచెం మీద పడింది. మొదటి దూకుడు పది. రెండోది గీత తొక్కింది. మూడోదానికి మొద్దు దగ్గర నిలబడి గాలి ఉందా అని చూసుకుంది. లేదు. పదిహేడు గంతులూ వేసింది, దూకింది. గిట్టలు దిగగానే ఒళ్లంతా ముందుకు విసిరింది. మోకాళ్ల మీద పడి మూతికి ఇసుక అంటింది. లేచీ లేవగానే వెనక్కి తిరిగి చూసింది. గుంట లేదు. ఇసుక పక్కన కాపలా ఉన్న తీతువమ్మ, "శుభ్రంగా ఉంది," అని అరిచింది.

మైలన్న ఒకసారి నడిచాడు. మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి నడిచాడు.

"పదకొండు," అన్నాడు. "దాని మీద ఒక గిట్ట."

కొమ్మన్నను ఒక్క గిట్టంత దాటింది. గట్టు మీద కేకలు వేయడానికి అందరికీ కొంచెంసేపు పట్టింది. వేశాక మాత్రం చాలాసేపు ఆగలేదు. చెంగలి అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. వెళ్లి గడ్డి మేసింది.

ఆ కొలత రెండేళ్లే నిలిచింది. తర్వాత ఆమె అక్క బిడ్డే పదకొండున్నర దూకింది. ఆరోజు ఇసుకలో గుర్తు చూడటానికి తీతువమ్మతో పాటు చెంగలి కూడా వంగింది. గుంట లేదని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

పుల్లన్న ఎంతోకాలం మిట్ట అంచున తచ్చాడాడు. అతను గడ్డిలో కాలు పెడితే చాలు, తీతువులు ఆకాశంలో చేరి మిట్టంతటికీ వినబడేలా అరిచేవి. జింకపిల్లలు ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయేవి, కుందేళ్లు బొరియల్లో దూరేవి. డొక్కలు ఎండిపోయి, చివరికి కొండ అవతలికి వలసపోయాడు. అక్కడి నక్కలకు తన తెలివి గురించి చెప్పబోతే, "అంత తెలివైనవాడివి, నీ తప్పు నువ్వే ఎందుకు అరిచి చెప్పుకున్నావు మామా?" అని అడిగాయి.

నీతి: మన తప్పును దాచినవాడి చేతిలో మన మెడతాడు ఉంటుంది, తప్పును మనమే నలుగురిలో ఒప్పుకుంటే, ఆ తాడు పట్టుకుని లాగడానికి ఎవరికీ కొస దొరకదు.